ఆరో గడి

పడవ దిగేసరికే నా ఫారం తడిసింది.
ఐదు గడులున్నాయి అందులో:
ఉపన్యాసం, ప్రయోగం, జట్టుపని, ఆట, ప్రశ్నలు.
టీచరు వాడిన పద్ధతికి ఎదురుగా టిక్కు పెట్టాలి,
సాయంత్రం పడవకి తిరిగి పోవాలి.

చిలోయే దీవుల్లో సాయంత్రం పడవని నమ్ముకున్నవాడు
ఆ రాత్రి ఎవరింట్లోనో బంగాళాదుంప రొట్టె తింటాడు.
మూడు రోజులు గాలి తగ్గలేదు.
మూడు రోజులూ ఎర్మెలిందా బర్రియా తరగతిలో
మోకాళ్ళు గడ్డానికి తగిలే వెనక బెంచీలో
తనిఖీ అధికారిని నేను.

పాఠం పేరు ఘర్షణ.
ఆవిడ బోర్డు మీద ఒక బాణం గీసింది, దానికి ఎదురు ఇంకో బాణం.
పదకొండు మంది పిల్లలు రెండు బాణాల్నీ
శ్రద్ధగా, అందంగా, ముక్క అర్థం కాకుండా
పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు.
ఆవిడ చెరిపేసింది. విసుక్కోలేదు.
"ఇది నేను వచ్చిన దారి. మీరు ఇంకెటు నుంచో రావాలి."

ఇటుకకి తాడు కట్టి బల్ల మీద లాగించింది.
కింద పెన్సిళ్ళు పరిచి మళ్ళీ లాగించింది.
రోసాల్బా "ఓహో" అంది.
ఆ ఓహో జలుబులా పక్క బెంచీకి అంటుకుంది.
కవలలకి మాత్రం అంటలేదు.
వాళ్ళలో ఒకణ్ణి నేల అంది, ఒకణ్ణి ఇటుక అంది,
తోసుకోమంది, అలవాటైన పనే కదా.
"వీడు పోతానంటుంటే వాడు పోనివ్వనంటున్నాడు చూడండి. అదీ!"
నేను టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను.

ఎలిసేయో వెంచూర్ మాత్రం కిటికీలోంచి చూస్తున్నాడు.
వాళ్ళ ఇల్లు ఎల్లుండి కదులుతుంది.
ఇక్కడ ఇల్లు కదలడమంటే నిజంగా కదలడమే:
గోడలు, కప్పు, గుమ్మం, అన్నిటితో సహా
దుంగల మీదికెక్కించి ఎడ్లని కట్టి
ఊరంతా ఒక చెయ్యి వేసి
అలలు కొరుకుతున్న గట్టు నుంచి వాలు పైకి.
"వాడికి ఎన్ని విధాల చెప్పినా ఎక్కట్లేదండీ"
అన్నాను, అధికారిని కాబట్టి.
"చెప్పినా," అంది ఆవిడ. "తప్పు అక్కడుందేమో."

మూడో రోజు బడి గట్టు మీద పెట్టింది.
పుస్తకాల్లేవు. ఒకటే ప్రశ్న:
ఇల్లు ఎక్కడ మొరాయిస్తుంది?
గడ్డి దగ్గరని రోసాల్బా పందెం,
గులకరాళ్ళ దగ్గరని ఒక కవల, కాదని రెండోవాడు.
ఇల్లు అందర్నీ ఓడించి
చూడ్డానికి నున్నగా ఉన్న బంకమట్టిలో ఆగింది.
దుంగలు దిగబడ్డాయి. ఎడ్లు ఆవిర్లు కక్కాయి.
పెద్దవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు కేకలు.
ఆవిడకి జవాబు తెలుసు.
పెదవులు విడివడడం నేను చూశాను,
మళ్ళీ కలిసిపోవడమూ చూశాను.

అప్పుడు వాడు నీళ్ళవైపు పరిగెత్తాడు.
చేతుల నిండా తడి నాచు మోసుకొచ్చాడు.
"అమ్మతో దీన్ని ఏరేటప్పుడు రోజూ నేను పడేది దీని మీదే!"
మట్టి మీద పలకలు పరిచారు, పలకల మీద నాచు.
ఇల్లు ఒక జానెడు ఆలోచించింది.
తర్వాత జారింది.
(పొగగొట్టం ఊడి పడింది కూడా.
దాని గురించి ఎవరూ పాఠం చెప్పలేదు.)

ఆ సాయంత్రం వాడే వచ్చి సుద్దముక్క అడిగాడు.
బాణం గీశాడు, ఎదురు బాణం గీశాడు,
రెండోదాన్ని తుడిచి పొట్టిగా గీశాడు.
"నాచు వేస్తే ఇంతే అవుతుంది, కదా టీచర్?"
"ఎందుకని?" అంది ఆవిడ.
వాడికి తెలీలేదు. బోర్డు ముందు నిలబడే ఉన్నాడు.
ఈసారి కిటికీ వైపు చూడలేదు.

గాలి తగ్గింది. పడవ ఈల వేసింది.
ఐదు టిక్కుల కింద పెన్నుతో ఆరో గడి గీశాను,
ఆ మూసుకున్న పెదవులకి పేరేమిటో తోచక
ఖాళీగా వదిలేశాను.
పై ఆఫీసు దాన్ని తిప్పి పంపింది,
వివరాలు అసంపూర్ణం అని ఎర్ర సిరాతో.

నిజమే.
మర్నాటి పాఠం నేను చూడలేదు కదా.